పుప్పిగోళ్ల మందులు, వాటిపై క్లినికల్ ట్రయల్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో చర్మవ్యాధుల ఓపీకి వచ్చినవాళ్లు, పుప్పిగోళ్ల (ఫంగస్ పట్టి చెడిన గోళ్ల) మందు మీద ట్రయల్, అంటే మనుషులపై మందు పనితీరును చూసే పరీక్ష, జరుగుతోందని తెలిసి ఫోన్ చేసినవాళ్లు అడిగే ప్రశ్నలనే ఇక్కడ రాశాను. ట్రయల్‌లో చేరాలనుకునేవాళ్ల పక్కన కూర్చుని సమ్మతి పత్రం తెలుగులో చదివి వినిపించడం, అర్థమైందో లేదో చూసుకోవడం నా పని. నేను డాక్టర్‌ని కాను. మీకు ఏ మందు సరిపడుతుందో మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి. ఒక్క మాట మాత్రం ముందే చెబుతాను: గోళ్ల మందు గురించి ఎవరు ఏ అంకె చెప్పినా రెండు సంగతులు అడగండి. ‘నయమైంది’ అని దేన్ని లెక్కవేశారు? ఎన్ని నెలల దాకా చూశారు? ఈ రెండూ తెలియకపోతే ఆ అంకెతో మీకు పనిలేదు.

కాలి బొటనవేలి గోరు పచ్చబడి మందంగా అయింది. ఇది ఫంగసేనా?

కావచ్చు, కాకపోనూవచ్చు. రూపం చెడిన గోళ్లలో దాదాపు సగమే ఫంగస్ వల్ల చెడతాయని పరిశోధనలు చెబుతున్నాయి. మిగతా సగంలో సోరియాసిస్, లైకెన్ ప్లానస్ లాంటి చర్మవ్యాధులు ఉంటాయి, బిగుతు బూట్ల ఒత్తిడి ఉంటుంది, ఎప్పుడో బండ తగిలి దెబ్బతిన్న గోరూ ఉంటుంది. ఫంగస్ అయితే మామూలుగా గోరు కొసనో పక్క అంచులోనో మొదలై వెనక్కి పాకుతుంది. రంగు తెల్లగానో పసుపుగానో మారుతుంది, కింద పొడి చేరుతుంది, గోరు కింది చర్మాన్ని వదిలేసి పైకి లేస్తుంది. చాలామందికి అప్పటికే కాలివేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని దురద పెడుతూ ఉంటుంది. గోటికి ఫంగస్ ఎక్కువగా అక్కడినుంచే చేరుతుంది.

గోరుచుట్టు వేరు. అందులో గోరు పక్కనున్న చర్మం వాచి సలుపుతుంది. గిన్నెలు తోమేవాళ్లకు, హోటల్ వంటింట్లో పొద్దంతా నీళ్లలో చేతులు పెట్టేవాళ్లకు అది నెలల తరబడి ఉండిపోయి గోరు కూడా గరుకుబారుతుంది. అలాంటి చోట కాండిడా అనే ఈస్ట్ రకం ఫంగస్ కనిపిస్తుంటుంది. కాలిగోళ్లలో మాత్రం ఎక్కువగా దొరికేది ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అనే ఫంగస్.

గోరు చూడగానే మందు రాసివ్వొచ్చు కదా, పరీక్ష ఎందుకు?

ఎందుకంటే మాత్రలు వాడాల్సింది మూడు నెలలు. ఫంగసే లేని గోటి కోసం మనిషికి మూడు నెలల మందు మింగించడం తప్పు. పైగా ఈ పరీక్షకు పెద్ద ఖర్చూ లేదు, నొప్పీ లేదు.

ముందు గోటిని స్పిరిట్‌తో తుడుస్తారు. పైకి లేచిన భాగాన్ని కత్తిరిస్తారు. కొసనున్న ఆ ముక్కలో చాలాసార్లు చచ్చిన ఫంగసే ఉంటుంది. బతికున్నది దొరికేది ఇంకా లోపల, చెడిన గోరు ముగిసి మంచి గోరు మొదలయ్యే చోట. అక్కడి తెల్లపొడిని చిన్న పరికరంతో గీకి నల్లకాగితం మీద రాల్చుకుంటారు. ఆ పొడిలో కొంత గాజుపలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేస్తారు. ఓపీలో ‘కేఓహెచ్’ అనేది దీన్నే. చర్మం పొట్టయితే కాసేపట్లో కరిగిపోతుంది. గోరు గట్టిది కాబట్టి గంటలు పడుతుంది, ఒక్కోసారి మర్నాటిదాకా ఉంచుతారు. అప్పుడు మైక్రోస్కోపు కింద కొమ్మలు వేసుకుంటూ పోయే సన్నటి పోగులు కనబడితే ఫంగస్ ఉన్నట్టే. మిగతా పొడిని కల్చర్‌కు, అంటే ల్యాబులో ఫంగస్‌ను పెంచి చూడటానికి, పంపుతారు. దాని ఫలితానికి నాలుగు వారాల దాకా ఆగాలి. ట్రైకోఫైటాన్ రూబ్రమ్ పెరిగితే ట్యూబులో పైన తెల్లటి నూగు కనిపిస్తుంది, ట్యూబు వెనక్కి తిప్పితే ముదురు ఎరుపు.

ఒకసారి నెగటివ్ వచ్చిందంటే ఫంగస్ లేదని తేలిపోయినట్టు కాదు. కొసనుంచి మాత్రమే తీసినా, అంతకుముందే ఏదో క్రీము రాసుకుని ఉన్నా తప్పిపోతుంది. అనుమానం తీరకపోతే కత్తిరించిన గోరుముక్కను పీఏఎస్ అనే రంగు వేసి చూడమని డాక్టర్ పంపుతారు. అది కల్చర్ కంటే ఎక్కువసార్లు ఫంగస్‌ను పట్టిస్తుంది. కొన్ని ల్యాబుల్లో ఫంగస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ కూడా చేస్తున్నారు.

ఏ మందు బాగా పనిచేస్తుందని ట్రయల్స్‌లో తేలింది?

ఇప్పటిదాకా ఎక్కువ ఆధారం ఉన్నది టెర్బినాఫిన్ మాత్రలకు. రోజుకు 250 మిల్లీగ్రాములు, చేతిగోళ్లకు 6 వారాలు, కాలిగోళ్లకు 12 వారాలు. రెండోది ఇట్రాకొనజోల్. దాన్ని రోజూ 200 మిల్లీగ్రాముల చొప్పున 12 వారాలు వాడతారు. లేదంటే నెలలో ఒక్క వారం మాత్రం రెండుపూటలా 200 చొప్పున వేసుకుని మిగతా మూడు వారాలు ఆపుతారు. దీన్ని ‘పల్స్’ పద్ధతి అంటారు. కాలిగోళ్లకు ఇలాంటివి మూడు పల్స్‌లు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసిన ట్రయల్ ఫలితాలు 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. యూరప్‌లో జరిగిన ట్రయల్ అది. పేషెంట్లను 72 వారాల దాకా గమనించారు. 12 వారాలు టెర్బినాఫిన్ వేసుకున్నవాళ్లలో 75.7 శాతం మందికి పరీక్షల్లో ఫంగస్ పోయింది. మూడు పల్స్‌ల ఇట్రాకొనజోల్ వాడినవాళ్లలో 38.3 శాతం మందికి పోయింది. ఆ ట్రయల్‌లోని ఐస్‌లాండ్ పేషెంట్లను అక్కడితో వదిలేయకుండా ఐదేళ్ల దాకా చూశారు. నాకు ఆ పని చాలా విలువైనదిగా కనిపిస్తుంది. మళ్లీ మందు వాడాల్సిన అవసరం రాకుండా ఫంగస్ లేనివాళ్లు టెర్బినాఫిన్ వైపు 46 శాతం, ఇట్రాకొనజోల్ వైపు 13 శాతం. అంటే మంచిదని తేలిన మందుకు కూడా ఐదేళ్లు గడిచేసరికి నిలబడింది సగం లోపే. ఆరు నెలలకే చూసి ఆపేసిన ట్రయల్ ఇలాంటి సంగతి ఎప్పటికీ చెప్పలేదు. వైద్య ట్రయల్స్‌ను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2017 నాటి సమీక్షలో 48 ట్రయల్స్‌ను చూసి, ఇట్రాకొనజోల్ లాంటి అజోల్ మందుల కంటే టెర్బినాఫినే మెరుగని తేల్చింది.

జపాన్‌లో 2018లో ఫోస్‌రావుకొనజోల్ అనే మాత్రకు అనుమతి ఇచ్చారు. రోజుకొకటి, 12 వారాలు. అక్కడి ట్రయల్‌లో 48వ వారానికి 59.4 శాతం మందికి పూర్తిగా నయమైంది, డమ్మీ (మందు లేని) మాత్ర వేసుకున్నవాళ్లలో 5.8 శాతం మందికి.

మాత్రలు వద్దు, పైన రాసుకునే మందు చాలదా?

కొద్దిగా పట్టిన గోటికి, మాత్రలు సరిపడనివాళ్లకు అది మంచి దారే. మామూలు క్రీములు మాత్రం గోరు దాటి లోపలికి దిగవు. గోటికోసం ప్రత్యేకంగా చేసిన లక్క (నెయిల్ పాలిష్‌లా పూసే మందు) గానీ ద్రావణం గానీ కావాలి. అమోరాల్ఫిన్ 5 శాతం లక్కను వారానికి ఒకటి రెండుసార్లు వేయాలి, కాలిగోళ్లకైతే 9 నుంచి 12 నెలలు. సైక్లోపిరాక్స్ 8 శాతం లక్కను రోజూ, 48 వారాలు. ఎఫినకొనజోల్ 10 శాతం, టావాబొరోల్ 5 శాతం ద్రావణాలకు 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇవి కూడా రోజూ 48 వారాలు రాసుకోవాల్సినవే.

పూర్తిగా నయమైనవాళ్ల లెక్క ఇలా ఉంది. ఎఫినకొనజోల్ రెండు పెద్ద ట్రయల్స్‌లో 17.8, 15.2 శాతం. టావాబొరోల్‌కు 6.5, 9.1 శాతం. సైక్లోపిరాక్స్‌కు 5.5, 8.5 శాతం.

మాత్రతో పాటు లక్క కూడా వేస్తే? ఫ్రాన్స్ డాక్టర్లు నడిపి 2007లో ప్రచురించిన ట్రయల్‌లో టెర్బినాఫిన్ ఒక్కటే వాడినవాళ్లలో 45 శాతం, అమోరాల్ఫిన్ కూడా కలిపి వాడినవాళ్లలో 59.2 శాతం మందికి వైద్యం ఫలించింది. వాళ్లను 18 నెలల దాకా చూశారు. గోరు బాగా చెడినవాళ్లు డాక్టర్‌ని ఈ సంగతి తప్పకుండా అడగాలి.

ఏడాదిపాటు రాస్తే నూటికి 18 మందికేనా? ఇక ఎందుకు రాయడం?

ఈ ప్రశ్న దగ్గరే చాలామంది లేచి వెళ్లిపోతారు. కాసేపు ఆగి చదవండి.

ట్రయల్స్‌లో ‘పూర్తిగా నయం’ అనాలంటే మూడు జరగాలి. గోటిలో ఒక్క శాతం కూడా మచ్చ మిగలకూడదు. కేఓహెచ్ నెగటివ్ రావాలి. కల్చర్ నెగటివ్ రావాలి. మూడూ ఒకే రోజున, మామూలుగా 52వ వారంలో. ఒక అంచున సన్నటి పసుపు గీత మిగిలినా ఆ మనిషి లెక్కలోకి రాడు. అదే ఎఫినకొనజోల్ ట్రయల్స్‌లో పరీక్షల్లో ఫంగస్ పోయినవాళ్లు ఎందరంటే 55.2, 53.4 శాతం. మందు లేని ద్రావణం రాసినవాళ్లలో ఇది 17 శాతం దగ్గరే ఉంది.

ఈ తేడాకు పెద్ద కారణం గోరు పెరిగే వేగం. కాలిగోరు నెలకు 1 నుంచి 1.5 మిల్లీమీటర్లే పెరుగుతుంది. బొటనవేలి గోరు మొదలునుంచి కొసదాకా కొత్తగా రావాలంటే 12 నుంచి 18 నెలలు. మందు ఫంగస్‌ను చంపగలదు గానీ, చెడిన గోటిని తిరిగి బాగుచేయలేదు. అది ముందుకు జరిగి కత్తిరింపులో పోవాల్సిందే. వేగంగా పెరిగే గోరున్నవాళ్లు 52వ వారానికి అందుకుంటారు, తక్కినవాళ్లు అందుకోలేరు. ఏళ్ల తరబడి మందమైపోయిన గోరు, పాత దెబ్బలున్న గోరు ఫంగస్ పోయాక కూడా మునుపటి రూపానికి రాకపోవచ్చు.

10 శాతం టెర్బినాఫిన్‌తో చేసిన ఎంఓబీ-015 అనే పూతమందు ఉత్తర అమెరికా ట్రయల్‌ను చూడండి. 70 శాతం మందికి పరీక్షల్లో ఫంగస్ పోయింది. పూర్తిగా నయమైనట్టు లెక్కకు వచ్చింది 4.5 శాతం మందే. మందు అమ్మేవాళ్లు మొదటి అంకె చూపిస్తారు, వద్దనేవాళ్లు రెండోది చూపిస్తారు. రెండూ నిజాలే. రెండూ మీకు తెలియాలి.

మూడు నెలల మాత్రలు అయిపోయాయి. గోరు ఇంకా అలాగే ఉంది. మందు పనిచేయలేదా?

తొందరపడకండి. టెర్బినాఫిన్ ఆపేశాక కూడా కొన్ని నెలలపాటు గోటిలో నిలిచి ఉంటుంది. చూడాల్సింది గోరు మొదలు దగ్గర. అక్కడినుంచి నున్నగా, గులాబీరంగులో కొత్త గోరు కాస్త ముందుకు వచ్చిందా? వస్తే మందు పనిచేస్తున్నట్టే. నెలకొకసారి ఒకే వెలుతురులో, ఒకే దూరంనుంచి ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. ట్రయల్స్‌లో మేం చేసేదీ అదే: ఒక గోటిని ఎంచుకుని, ప్రతిసారీ దాన్నే ఫొటో తీసి, ఎంత మేర చెడిందో కొలుస్తాం. కంటికి తెలియని మార్పు ఫొటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. మాత్రలు మొదలుపెట్టి ఆరు నెలలైనా మొదలు దగ్గర మంచి గోరు రాకపోతే డాక్టర్ దగ్గరకు వెళ్లి మళ్లీ పరీక్ష చేయించుకోండి.

ఈ మాత్రలతో లివర్ పాడవుతుందట, నిజమేనా?

అరుదుగా జరుగుతుంది, జరిగితే తీవ్రంగా ఉండవచ్చు. అందుకే టెర్బినాఫిన్ మొదలుపెట్టే ముందు లివర్ పరీక్ష చేయిస్తారు. మందు వాడుతుండగా ఆకలి చచ్చిపోవడం, వాంతులు, మూత్రం ముదురు రంగులో రావడం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే ఆ పూటే మాత్ర ఆపి డాక్టర్‌కు చెప్పాలి. కొందరికి నాలుకకు రుచి తెలియకుండా పోతుంది. అది కూడా చెప్పాల్సిన సంగతే, మందు ఆపాక తిరిగి రావడానికి సమయం పడుతుంది.

కీటోకొనజోల్ మాత్రల సంగతి వేరు. లివర్‌కు వాటితో ఉన్న ముప్పు దృష్ట్యా గోళ్లకూ చర్మానికీ పట్టిన ఫంగస్‌కు వాటిని రాయవద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో హెచ్చరించింది. పాత చీటీ చూపించి ఆ మాత్రలు కొనుక్కునేవాళ్లు ఇంకా కనిపిస్తున్నారు. దయచేసి ఆపండి.

నాకు షుగర్ ఉంది, గుండెకు మందులు వాడుతున్నాను. నేను వాడొచ్చా?

వాడుతున్న మందుల పట్టీ మొత్తం డాక్టర్ ముందు పెట్టకుండా ఈ మాత్రలు మొదలుపెట్టకండి. గుండె బలహీనపడి ఫెయిల్యూర్ ఉన్నవాళ్లకు గోటి ఫంగస్ కోసం ఇట్రాకొనజోల్ ఇవ్వకూడదు. కొలెస్ట్రాల్‌కు సింవస్టాటిన్ వేసుకునేవాళ్లూ దాన్ని కలపకూడదు. టెర్బినాఫిన్ కొన్ని బీపీ మందులను, మానసిక సమస్యల మందులను శరీరంలో పేరుకునేలా చేస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లు గోటిని అందం కోసమే అనుకోకూడదు. స్పర్శ తగ్గిన పాదంలో మందమైన గోరు బూటులో ఒరుసుకుని పుండు చేసినా నొప్పి తెలియదు. పెద్దవాళ్లు వంగి చూసుకోలేరు. ఇంట్లో పిల్లలు వారానికోసారి అమ్మానాన్నల పాదాలు పట్టుకుని చూడాలి.

టెర్బినాఫిన్ ఇప్పుడు మన దేశంలో పనిచేయడం లేదంటున్నారు?

ఈ మాట ఎక్కువగా ఒంటిమీది తామర గురించి వచ్చింది. ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని 2020లో పేరు పెట్టిన ఫంగస్ మన దేశంలో బాగా వ్యాపించింది. టెర్బినాఫిన్ దెబ్బకొట్టే స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైమ్ జన్యువులో మార్పులు వచ్చి, ఆ ఫంగస్ మందుకు లొంగకుండా పోతోంది. గజ్జల్లో, నడుము చుట్టూ వచ్చే మొండి తామర వెనక ఉన్నది చాలావరకు ఇదే. దీనిమీద దేశంలోని చర్మవ్యాధుల డాక్టర్ల సంఘం ఐఏడీవీఎల్ ప్రత్యేకంగా టాస్క్‌ఫోర్స్ పెట్టుకుంది.

గోటికి పట్టే ఫంగస్ తరచుగా వేరే రకం. కాబట్టి టెర్బినాఫిన్ గోటికి పనికిరాదని ముందే తీర్మానించకూడదు. ఇంట్లో మొండి తామర ఉన్నవాళ్లకు, ఒకసారి మందు పూర్తిగా వాడినా తగ్గనివాళ్లకు కల్చర్ చేసి ఏ ఫంగసో తేల్చుకోవడం ఇప్పుడు మరీ అవసరం. విదేశీ ట్రయల్స్ అంకెలు ఇక్కడ అలాగే వస్తాయని అనుకోలేం. మన పేషెంట్లతో, మన ఫంగస్‌లతో ట్రయల్స్ జరగాలని నేను గట్టిగా కోరుకునేది ఇందుకే.

మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే దురద వెంటనే తగ్గింది. అదే గోటికీ రాయనా?

వద్దు. అంత త్వరగా తగ్గించేది చాలాసార్లు అందులో కలిపిన స్టెరాయిడ్. క్లోబెటాసాల్, బెటామెథసోన్ లాంటి పేర్లు ట్యూబు మీద ఉన్నాయేమో చూడండి. దురద, ఎర్రదనం అణిగిపోతాయి, ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. అలాంటి ట్యూబు వాడి ఉంటే ఓపీకి దాన్నే వెంట తెచ్చి చూపించండి. ఎవరూ తిట్టరు, అది తెలిస్తే వైద్యం మారుతుంది.

లేజర్ చేయించుకుంటే ఒక్క సిట్టింగ్‌లో పోతుందా?

అలా చెప్పే ఆధారం లేదు. అమెరికాలో గోళ్ల లేజర్లకు ఇచ్చిన అనుమతి కూడా గోటిలో శుభ్రమైన భాగం తాత్కాలికంగా పెరుగుతుందన్నంత వరకే, ఫంగస్ నయమవుతుందని కాదు. వాటిమీద జరిగిన ట్రయల్స్ చాలావరకు చిన్నవి, గమనించిన కాలం తక్కువ. డబ్బు కట్టే ముందు మొదట్లో చెప్పిన రెండు సంగతులూ క్లినిక్‌లో అడగండి.

పసుపు, వేపనూనె, విక్స్ రాస్తే?

ల్యాబులో గాజుపళ్లెం మీద ఫంగస్‌ను అణచే పదార్థాలు చాలా ఉన్నాయి. గోటిని దాటి లోపలికి వెళ్లడమే అసలు పరీక్ష. విక్స్ మీద 2011లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. 18 మందికి రాస్తే 48 వారాలకు 5 మందికి నయమైంది. పోల్చి చూడటానికి రెండో జట్టు లేదు, కాబట్టి దాన్నిబట్టి గట్టిగా ఏమీ చెప్పలేం. టీ ట్రీ ఆయిల్‌ను క్లోట్రిమజోల్ ద్రావణంతో పోల్చిన 1994 నాటి ట్రయల్‌లో రెండూ దాదాపు ఒకేలా నిలిచాయి, కాని క్లోట్రిమజోలే గోటికి బలమైన మందు కాదు. పసుపు రాస్తే ఇంకో చిక్కు: గోటి రంగు మారిపోయి డాక్టర్‌కు అసలు రంగు తెలియదు.

గోరింటాకు, నెయిల్ పాలిష్ పెట్టుకోవచ్చా?

పరీక్షకు, ట్రయల్ విజిట్‌కు వచ్చేటప్పుడు ఆ గోళ్లకు ఏదీ ఉండకూడదు. గోరింటాకు రంగు గోరు పెరిగి పోయేదాకా వదలదు. కాబట్టి ఆషాఢంలో పెట్టుకోవాలనిపిస్తే అరచేతికి పెట్టుకోండి, చూపించాల్సిన గోళ్లను వదిలేయండి.

గోరు బాగా చెడింది, అయినా ట్రయల్‌లో నన్ను తీసుకోలేదు. ఎందుకు?

బాగా చెడినందుకే కావచ్చు. పూతమందుల ట్రయల్స్ చాలావాటిలో బొటనవేలి గోరు 20 నుంచి 50 శాతం చెడినవాళ్లనే తీసుకుంటారు. ఎఫినకొనజోల్ ట్రయల్స్‌లోనూ ఇదే నిబంధన, వయసు 18 నుంచి 70 మధ్య. కేఓహెచ్, కల్చర్ రెండూ పాజిటివ్ రావాలి. గోరు పుట్టే మొదలుదాకా ఫంగస్ పాకినా, సోరియాసిస్ ఉన్నా, షుగర్ అదుపులో లేకున్నా, ఈమధ్యే ఫంగస్ మాత్రలు వాడినా పక్కనపెడతారు.

ఇది మిమ్మల్ని తక్కువచేయడం కాదు. కాని దీనివల్ల ఒక లోటు ఉంది: ఎవరికి మందు ఎక్కువ అవసరమో, అంటే ముదిరిన గోళ్లవాళ్లు, షుగర్ పేషెంట్లు, పెద్దవయసువాళ్లు, వాళ్లే ట్రయల్ బయట ఉండిపోతారు. తేలికపాటి కేసుల్లో వచ్చిన అంకెను ముదిరిన గోటికి అంటగట్టకూడదు.

నాకు డమ్మీ మందు ఇస్తే ఏడాది వృథా కాదా?

న్యాయమైన భయం. ఎవరికి ఏది వస్తుందో కంప్యూటర్ లాటరీ పద్ధతిలో నిర్ణయిస్తుంది. మీకూ తెలియదు, మిమ్మల్ని చూసే డాక్టర్‌కూ తెలియదు. ఏ నిష్పత్తిలో పంచుతారో సమ్మతి పత్రంలో ఉంటుంది. ఎఫినకొనజోల్ ట్రయల్స్‌లో ముగ్గురికి అసలు మందు, ఒకరికి మందులేని ద్రావణం. మందులేనిది ఎందుకంటే, గోరు కత్తిరించి శుభ్రంగా ఉంచుకుంటే చాలు, కొందరి పరీక్షలు నెగటివ్ వస్తాయి. పైన చెప్పిన 17 శాతం వాళ్లే. వాళ్లు లేకపోతే మందు చేసిన పనెంతో తెలియదు. ఏడాది ఆగలేననుకుంటే చేరకండి, ఓపీలో మామూలు వైద్యం ఎప్పుడూ ఉంటుంది.

ఈ ట్రయల్ అసలైనదో కాదో ఎలా తెలుసుకోవాలి?

మొదట సీటీఆర్ఐ (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నంబర్ అడగండి. దేశంలో జరిగే ట్రయల్స్‌ను పేషెంట్లను చేర్చుకునే ముందే ఆ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి. వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. ఏ ఆస్పత్రిలో, ఎంతమందితో, దేన్ని కొలుస్తారో అక్కడ రాసి ఉంటుంది. తర్వాత ఎథిక్స్ కమిటీ, అంటే ట్రయల్‌లో చేరేవాళ్ల హక్కులు, భద్రత చూసే కమిటీ. కొత్త మందుల ట్రయల్స్‌కు 2019 నాటి నిబంధనల ప్రకారం అందులో కనీసం ఏడుగురు ఉండాలి, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి, న్యాయం తెలిసినవాళ్లు, కనీసం ఒక మహిళ సహా. ఆ కమిటీని సంప్రదించే వివరాలు మీకిచ్చే సమాచార పత్రంలోనే ఉంటాయి. నంబర్ చెప్పడానికి నసిగే చోట చేరవద్దు.

సమ్మతి పత్రం ఇరవై పేజీలుంది. సంతకం పెట్టేసి వెళ్లనా?

పెట్టకండి. ఇంటికి తీసుకెళ్లి చదవండి, ఇంట్లోవాళ్లతో మాట్లాడండి. తెలుగో, ఉర్దూనో, మీకు వచ్చిన భాషలో ఇవ్వాలి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించేటప్పుడు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి మొదటినుంచి చివరిదాకా పక్కన ఉండాలి, ఆయన కూడా సంతకం చేయాలి. సంతకమైన కాపీ ఒకటి మీకు ఇవ్వాలి. భార్య తరఫున భర్త, అత్త తరఫున కోడలు సంతకం పెట్టడం కుదరదు. ‘మా ఆయన సరేనన్నారు’ అని వచ్చేవాళ్లతో నేను మళ్లీ మొదటినుంచి చదువుతాను. గోరు ఆమెది, నిర్ణయమూ ఆమెదే.

డబ్బులిస్తారని విన్నాను?

మీరు విన్నది బహుశా బయోఈక్వివలెన్స్ అధ్యయనాల గురించి. హైదరాబాద్ మందుల తయారీకి పెద్ద కేంద్రం కాబట్టి ఇక్కడ అవి ఎక్కువ. వాటిలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మందు ఇచ్చి, రక్తంలో ఎంత చేరిందో కొలుస్తారు. రోగం నయం చేయడంతో వాటికి సంబంధం లేదు. పేషెంట్ల ట్రయల్‌లో దారిఖర్చులు, కోల్పోయిన సమయానికి కొంత ఇవ్వవచ్చు, అది కూడా ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్నంతే. ట్రయల్ కోసం చేసే పరీక్షలకు, మందుకు మీరు డబ్బు కట్టాల్సిన పని ఉండకూడదు. ఒక ట్రయల్ కాగానే డబ్బు కోసం ఇంకోదానిలో, పేరు దాచి రెండింటిలో చేరేవాళ్లున్నారు. అది మీ ప్రాణానికే ముప్పు.

మధ్యలో ఏదైనా జరిగితే ఎవరు చూస్తారు?

2019 నిబంధనల ప్రకారం, ట్రయల్‌లో ఉండగా హాని జరిగితే అవసరమైనంత కాలం, లేదా ఆ హాని ట్రయల్ వల్ల కాదని తేలేదాకా, ఉచితంగా వైద్యం చేయించాలి. ట్రయల్ వల్లేనని తేలితే నష్టపరిహారం వేరే ఇవ్వాలి. వేరే మంచి వైద్యం ఉండి కూడా ఇవ్వకుండా డమ్మీ మందు ఇచ్చినందువల్ల జరిగిన హాని కూడా ఇందులోకి వస్తుంది. తీవ్రమైన హాని జరిగితే డాక్టర్ 24 గంటల్లో పైవాళ్లకు తెలియజేయాలి. అందుకే మీరు జ్వరం వచ్చినా, వేరే ఆస్పత్రిలో చేరినా వెంటనే ఫోన్ చేయండి.

మానేయాలంటే ఎప్పుడైనా మానేయవచ్చు. కారణం చెప్పాల్సిన పనిలేదు. ఆ ఆస్పత్రిలో మీ మామూలు వైద్యం ఆగదు.

గర్భవతిని. చేరవచ్చా?

కుదరదు. గోటి ఫంగస్ వైద్యం కాన్పు, పాలిచ్చే రోజులు అయ్యేదాకా ఆగగలదు.

తగ్గాక మళ్లీ వస్తుందా?

వస్తుంటుంది. వేళ్ల సందుల్లో ఫంగస్ ఉంటే దానికి కూడా వైద్యం చేయించండి, లేకపోతే అదే మళ్లీ గోటికి ఎక్కుతుంది. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్లకూ చూపించండి. స్నానం కాగానే వేళ్ల మధ్య పొడిగా తుడవండి. వానాకాలంలో తడిసిన బూట్లను మర్నాడే వేసుకోకుండా రెండు జతలు మార్చుకోండి. పొద్దంతా బూట్లలో ఉండే సెక్యూరిటీ గార్డులకు, తడిలో పనిచేసే పారిశుధ్య కార్మికులకు ఇది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. రెండో జత బూట్లు ఇప్పించే బాధ్యత పని ఇచ్చేవాళ్లది కూడా. నెయిల్ కట్టర్ ఎవరిది వాళ్లకే ఉండాలి. పార్లర్‌లో పెడిక్యూర్ చేయించుకుంటే పరికరాలు శుభ్రం చేశారో లేదో అడగండి.

హైదరాబాద్‌లో ఎక్కడ చూపించుకోవాలి, ఏం తీసుకెళ్లాలి?

ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల్లో చర్మవ్యాధుల ఓపీలున్నాయి. ప్రైవేటులోనైతే చర్మవ్యాధుల స్పెషలిస్ట్ దగ్గరికే వెళ్లండి. పొద్దున్నే వెళ్తే శాంపిల్ అదేరోజు ఇచ్చి రావచ్చు. గోళ్లు వెళ్లేముందు కత్తిరించుకోకండి, గీకడానికి ఏమీ మిగలదు. వాడుతున్న మందుల చీటీలు, పాత రిపోర్టులు, ఇంతకుముందు రాసిన ట్యూబులు, ఫోన్‌లో గోటి ఫొటోలు వెంట ఉంచుకోండి. కల్చర్ ఇచ్చాక రిపోర్టు కోసం ఎప్పుడు రావాలో ఓపీ చీటీ మీదే తేదీ రాయించుకోండి.